క్షమింపబడినవాని ఋణము

ఘోరమైన అపరాధము చేసినవానిని ఈశ్వరుడు క్షమించునా యని మనుష్యులు ప్రాచీన కాలమునుండి అడుగుచునే యున్నారు. క్షమించునని చెప్పని మతము లోకములో అరుదు. క్షమ లేని లోకములో తప్పు చేసినవానికి తిరిగి మంచివాడగుటకు త్రోవ యుండదు. త్రోవ లేనివాడు మరింత క్రూరుడగును. కావున ఈ సమాధానము యుక్తమైనదే. కాని యిది వెంటనే మరియొక ప్రశ్నను పుట్టించుచున్నది. అపహరింపబడిన సొమ్ము ఒకనిది. కొట్టబడిన దేహము ఒకనిది. క్షమించువాడు మాత్రము ఈశ్వరుడు. అట్లయినచో దెబ్బ తిన్నవాని మాట యేమి? పాపి భగవంతునితో సమాధానపడి సుఖముగా నిద్రించుచుండగా, వానిచేత చెరుపబడినవాడు తన గాయముతో మేలుకొని యుండవలసినదేనా?

ఈ ప్రశ్నను తర్కముచేత గాక ఒక మనుష్యుని జీవితముచేత పరిశీలింపదలచితిమి. ఆతడు పదునెనిమిదవ శతాబ్దమున ఇంగ్లాండు దేశములో నుండిన జాన్ న్యూటన్. దైవకృపను గూర్చి ఆతడు వ్రాసిన ‘అమేజింగ్ గ్రేస్’ అను కీర్తన నేడు లోకమంతట పాడబడుచున్నది. బానిసల నోడలో నింపి అమ్ముకొనుచుండిన యొక కప్తాను నడిసముద్రమున తుపానులో చిక్కి, దేవుని వేడి, ప్రాణములు దక్కించుకొని, ఆ క్షణముననే యా పాపపు వర్తకమును విడిచి ఈ పాట వ్రాసెనని ఒక కథ వాడుకలో నున్నది. కథ మనోహరముగనే యున్నది. కాని నిజము కాదు. నిజమైన చరిత్ర దానికంటె విచారకరమైనది, దానికంటె ఉపయోగకరమైనది కూడ.

న్యూటన్ 1725వ సంవత్సరమున లండను నగరములో థేమ్సు నదియొడ్డున వాపింగ్ అను పేటలో జన్మించెను. తండ్రి ఓడ నాయకుడు. తల్లి భక్తురాలు, కుమారుడు మతబోధకుడు కావలెనని ఆమె కోరిక. కాని బాలునికి ఏడవయేడు నిండకముందే ఆమె క్షయరోగముచేత మరణించెను. పదునొకండవయేట ఆతడు తండ్రితో ఓడ యెక్కెను. యౌవనమున నోరు మంచిది గాక, నడత మంచిది గాక, దైవదూషణయే గొప్పతనమనుకొని తిరిగెను. 1744లో బలవంతముగా రాజు నౌకాసైన్యములో చేర్పబడి, అందుండి పారిపోయి, పట్టుబడి, అందరి యెదుట కొరడాదెబ్బలు తినెను. పిమ్మట పశ్చిమాఫ్రికాకు పోవు ఓడలోనికి మార్చబడి, సియెర్రా లియోను తీరమున ప్లాంటెయిన్ దీవులలో బానిసల వర్తకుడైన యొక తెల్లవాని క్రింద కొలువునకు కుదిరెను.

అచ్చట నొకటి జరిగినది. చదువరులు దీనిని మనస్సున నుంచుకొనవలెనని కోరుచున్నాము. న్యూటన్ జ్వరముతో పడియుండగా యజమానుడు వర్తకమునకై వెడలిపోయెను. ఇంటిలోని స్త్రీ ఆతనిని తిరస్కరించి అన్నము పెట్టక చంపజూచెను. ఆకలికి తాళలేక ఆతడు రాత్రివేళ తోటలో దుంపలు పెరికి పచ్చివే తినెను. అట్టి సమయమున సంకెళ్లలో నున్న బానిసలు, ఎవరైన చూచినచో తమకు దండన తప్పదని యెరిగియు, తమకు పెట్టిన కొంచెపు తిండిలోనే కొంత మిగిల్చి రహస్యముగా ఆతనికి తెచ్చి యిచ్చుచుండిరి. ఈ సంగతిని న్యూటనే తన ఆత్మకథలో చెప్పుకొన్నాడు. వారి పేరులు మాత్రము అందు లేవు. దేవుని కరుణ ఆతనికి సముద్రముమీద లభించెనని లోకము చెప్పుచున్నది. అది అంతకుముందే, ఇనుప గొలుసులు కట్టిన చేతులతో, ఆతనికి అన్నము పెట్టినదని మేము తలచుచున్నాము.

1747లో గ్రేహౌండు అను ఓడ ఆతనిని ఎక్కించుకొనెను. మరుసటి సంవత్సరము మార్చి నెలలో ఉత్తర అట్లాంటికు సముద్రమున గొప్ప తుపాను పట్టి, ఓడ ప్రక్క బ్రద్దలై నీరు జొచ్చెను. న్యూటన్ తెల్లవారుజామునుండి మధ్యాహ్నమువరకు నీరు తోడి, పిమ్మట చుక్కాని పట్టి నిలిచెను. ఆ తొందరలో, ఇది కుదరకున్న ఇక దేవుడే కరుణింపవలెనను భావము గల మాట అప్రయత్నముగా ఆతని నోట వెడలెను. ఎన్నో యేండ్లుగా దేవుని పేరు తిట్టుటకే వాడిన నోరది. ఆ మాటకు ఆతడే ఆశ్చర్యపడెను. ఓడలోని సరకులలో నీటిపై తేలు తేనెమైనమును కొయ్యయు నుండుటచేత అది మునుగలేదు. ఇంచుమించు నాలుగు వారములు ఆకలితో కొట్టుకొని, తుదకు ఐర్లాండు తీరము చేరిరి. ఆ తుపాను దినమును న్యూటన్ జీవితాంతము ప్రతిసంవత్సరమును ప్రార్థనతో స్మరించుకొనుచుండెను.

తరువాత ఆతడేమి చేసెను? ఆ సంవత్సరమే బానిసల నోడలో రెండవ అధికారిగా తిరిగి ఆఫ్రికాకు పోయెను! 1750 మొదలు 1754 వరకు డ్యూక్ ఆఫ్ ఆర్గైల్, ఆఫ్రికన్ అను ఓడలకు తానే కప్తానై, మూడు యాత్రలలో మనుష్యులను కొని, అట్లాంటికు దాటించి అమ్మెను. తనకు అన్నము పెట్టిన జాతివారిని తానే సంకెళ్లలో వేసెను. ఆదివారమున నావికులచేత ప్రార్థన చేయించెను. రాత్రులు భార్యకు ప్రేమలేఖలు వ్రాసెను. ఏకాంతమున వేదగ్రంథము చదువుకొనెను. ఆతని కాళ్లక్రింది చీకటి గదులలో మనుష్యులు మూలుగుచుండిరి. ఆతని దినచర్య పుస్తకమున వారిలో చనిపోయినవారికి పేరులు లేవు. సంఖ్యలు మాత్రమే కలవు.

ఆ దినచర్యలోనే 1752 డిసెంబరు నెలలో నొక సంగతి వ్రాయబడినది. బానిసలు తిరుగబడ యత్నించుచున్నారని అనుమానము కలుగగా, వారికి సాధనములు అందించిరని కొందరు బాలురను పట్టి, నిజమంతయు ఒప్పుకొనునట్లు బొటనవ్రేళ్లను బిగించి నలుపు ఇనుప మరలో కొంచెముగా బిగింపించెనట. ‘కొంచెముగా’ అని వ్రాసికొన్నవాడు మర త్రిప్పించినవాడు. ఆ కొంచెమెంతయో ఆ బాలురకే తెలియును. ఇది ఆతడు దేవునివైపు తిరిగిన నాలుగేండ్లకు జరిగినది.

ఇట్టివాడు కపటభక్తుడని ఒక్కమాటతో త్రోసివేయుట సులభము. కాని ఆతడు కపటి కాడు. అదియే మనము భయపడవలసిన సంగతి. దైవదూషణ, త్రాగుడు, వ్యభిచారము పాపములని ఆతడెరుగును, వానిని మానెను. బానిస వర్తకము మాత్రము పాపముల పట్టికలో లేదు. రాజశాసనము దానిని ఒప్పుకొనెను. పెద్దమనుష్యులు దానిలో సొమ్ము పెట్టిరి. దేవాలయమున గురువులు దానిని ఖండింపలేదు. చెరసాల కాపరి పనివలె నున్నదని రోత కలిగి, మరియొక వృత్తి దొరకునట్లు చేయుమని తాను దేవుని ప్రార్థించితినని ఆతడు చెప్పుకొన్నాడు. కాని ఆ పని అన్యాయమని ఆతనికి తోచలేదు. నలుగురు చేయు పాపము ఆచారమని పేరు పెట్టుకొనును. ఆచారమైనదానికి పశ్చాత్తాపపడుట యెవరికిని తోచదు. మన దేశమున పసిబాలికలకు పెండ్లిండ్లు చేసి, వితంతువుల తలలు గొరిగించి, సాటివారిని ఊరివెలుపల నుంచినవారిలో దుర్మార్గులెందరు? వారిలో ననేకులు త్రికాలములందును దేవుని పూజించిన సాధువులే గదా.

1754లో న్యూటన్ ఆ వృత్తిని విడిచెను. విడిపించినది అంతరాత్మ కాదు, వ్యాధి. నాలుగవ యాత్రకు సిద్ధముగా నుండగా ఆతనికి ఆకస్మికముగా మూర్ఛ వచ్చినందున వైద్యులు సముద్రయానము తగదనిరి. పిమ్మట లివర్పూలు రేవులో సుంకపు ఉద్యోగము చేసి, 1764లో గురుపట్టము పొంది, ఓల్నీ అను చిన్న పట్టణమున మతబోధకుడయ్యెను. ఆ సంవత్సరమే ప్రచురించిన ఆత్మకథలో తాను దేవుని దూషించినందుకు సిగ్గుపడినట్లు తాను మనుష్యుల నమ్మినందుకు సిగ్గుపడలేదు. ఓల్నీలో లేసు అల్లుకొని జీవించు పేదల కష్టసుఖములలో ఆతడు పాలుపంచుకొనెను. మనోవ్యాధితో బాధపడుచున్న కవి విలియం కూపరును సోదరునివలె కాపాడెను. కృపను గూర్చిన ప్రసిద్ధ కీర్తన ఈ కాలముననే, 1773 జనవరి 1వ తేదీ ప్రార్థనకై, వ్రాయబడినది. తాను గ్రుడ్డివాడై యుండి చూపు పొందితినని అందు పాడిన యా మహాభక్తుడు అప్పటికిని ఒక కంటితోనే చూచుచుండెను.

రెండవ కన్ను తెరువబడుటకు మరి పదునైదేండ్లు పట్టెను. 1783లో క్వేకరు మతస్థులు బానిస వర్తకమును మాన్పింపుమని పార్లమెంటునకు విన్నపము చేసిరి. 1786లో థామస్ క్లార్క్‌సన్ తన ప్రసిద్ధ వ్యాసమును ప్రచురించెను. 1787లో లండనులో ఆ వర్తకమును నిర్మూలించుటకై సంఘ మేర్పడెను. దీనికి ముందు, 1785 డిసెంబరులో, ఇరువదియారేండ్ల యువకుడైన విలియం విల్బర్‌ఫోర్సు రహస్యముగా న్యూటను కడకు వచ్చెను. భక్తి మార్గమునకై రాజకీయములను విడువవలెనా యని ఆతని సంశయము. అప్పటికి లండనులో సెయింట్ మేరీ వుల్నాత్ దేవాలయమున గురువుగా నుండిన న్యూటన్, లోకమును విడిచి పోవలదనియు, పార్లమెంటులో నుండియే దేవుని సేవింపుమనియు చెప్పెను. బానిస వర్తకమును మాన్పించుటకు పార్లమెంటులో ఇరువది యేండ్లు పోరాడినవాడు ఆ విల్బర్‌ఫోర్సే.

1788లో న్యూటన్, అరువదిరెండేండ్ల వృద్ధుడు, ఆఫ్రికా బానిస వర్తకమును గూర్చి ఒక చిన్న పుస్తకమును తన పేరుతో ప్రచురించెను. తానొకప్పుడు ఆ పనిలో భాగస్థుడననియు, ఇప్పుడు తలచుకొన్న గుండె వణకుచున్నదనియు, నలుగురిలో సిగ్గుపడి చెప్పుకొనుట తనకు విధియనియు, ఎంత నిష్కపటముగా చెప్పినను తాను చేసిన కీడును తీర్చుటకు ఈ మాట ఆలస్యముగా వచ్చినదనియు అందు ఒప్పుకొనెను. ఓడలో మనుష్యులను బీరువాలో పుస్తకములవలె ప్రక్కప్రక్కను పేర్చుట, తెల్లవారి చూచునప్పటికి బ్రతికినవాడును చచ్చినవాడును ఒకే సంకెలలో నుండుట, దిక్కులేని స్త్రీలను నావికులు చెరచుట, అన్నియు వర్ణించెను. రాత్రి ఏడ్చి తనకు నిద్రాభంగము చేసినదని యొక అధికారి ఏడాది బిడ్డను తల్లి చేతులలోనుండి లాగి సముద్రములో విసరివేసిన సంగతియు చెప్పెను. ఆ సంవత్సరమే ప్రీవీ కౌన్సిలు యెదుటను, తరువాత కామన్సు సభ నియమించిన సంఘము యెదుటను సాక్ష్యమిచ్చెను. బానిసల పక్షమున మాటలాడువారు కలలు కనువారని ఎగతాళి చేసిన వర్తకులు, తమలో నొకడే లేచి నేను చేసితిని, నేను చూచితిని అని చెప్పినప్పుడు ఉత్తర మీయలేకపోయిరి. మరుసటి యేడు ఒలౌడా ఈక్వియానో అను విముక్తుడైన బానిస తన చరిత్రను తానే వ్రాసి ప్రచురించెను. దెబ్బ కొట్టినవాడును, దెబ్బ తిన్నవాడును ఒకే సంగతి చెప్పిన తరువాత లోకము విననట్లు నటింపవచ్చును గాని వినలేదని చెప్పజాలదు.

మనుస్మృతి పదునొకండవ అధ్యాయమున పాపవిమోచనమునకు సాధనములు చెప్పబడినవి. అందు తపస్సు, అధ్యయనము, దానము ఉన్నవి. కాని వానికంటె ముందు చెప్పబడినవి రెండు: చేసిన పాపమును బయట చెప్పుకొనుట, దానికై పరితపించుట. ఇక నిట్లు చేయనని మరలినవాడే పవిత్రుడగునని కూడ అచ్చట నున్నది. ఈ కొలతతో న్యూటను జీవితమును కొలిచి చూతము. దేవుని యెదుట పరితపించినది 1748. పాపమునుండి మరలినది 1754, అదియు వ్యాధివలన. నలుగురిలో చెప్పుకొన్నది 1788. ఒక ప్రార్థనకును దాని ఫలమునకును నడుమ నలువది సంవత్సరములు గడచినవి. ఆ నలువది యేండ్లలో ఇంగ్లీషు ఓడలు లక్షలకొలది మనుష్యులను అట్లాంటికు దాటించినవి. మొత్తముమీద ఆ వర్తకము సాగిన కాలమంతటిలో వివిధ దేశముల ఓడలలో నెక్కింపబడిన ఆఫ్రికావారు ఇంచుమించు కోటి యిరువదియైదు లక్షలని చరిత్రకారుల లెక్క. వారిలో ఇంచుమించు పదునెనిమిది లక్షలమంది ఆవలి తీరము చూడనేలేదు.

ఆతని ఒప్పుకోలైనను సంపూర్ణమా? 1788 నాటి పుస్తకమున బొటనవ్రేళ్ల మరలో మనుష్యులు గంటలకొలది విలవిలలాడుట తాను చూచితినని వ్రాసెను. తానే బాలురను అందు బిగింపించిన సంగతి, 1962లో ఆతని దినచర్య అచ్చయిన పిమ్మట గాని పదిమందికి తెలియలేదు. ఆ బాలుర నోటినుండి నిజము రప్పించుటకు మర యొక్క బిగింపు చాలినది. వారిని బిగింపించినవాని నోటినుండి, అదియు సగము, వచ్చుటకు ముప్పదియారేండ్లు పట్టినది. తన సమాధిపై చెక్కుటకు తానే వ్రాసికొన్న వాక్యములలో, ఆఫ్రికాలో తాను బానిసలకు సేవకుడై యుండిన సంగతి కలదు. తాను బానిసలకు యజమానుడై యుండిన సంగతి లేదు. తనకు జరిగిన కీడు రాతిమీద నిలిచినది, తాను చేసిన కీడు కాగితముమీదనే మిగిలినది. ఇది ఆతనిని నిందించుటకై చెప్పుటలేదు. అంతటి సత్యసంధునికే అంత కష్టమైనది మనకు సులభమని తలపకుండుటకై చెప్పుచున్నాము.

ఆతని జీవితాంతమున కంటిచూపు పోయెను, జ్ఞాపకశక్తి సన్నగిల్లెను. తాను మహాపాపిననియు, తన రక్షకుడు మహాత్ముడనియు, ఈ రెండు సంగతులు మాత్రము మరువలేదని ఆతడనుచుండెనట. 1791లో కామన్సు సభ 88కి 163 మాటలతో త్రోసివేసిన శాసనము, 1807 మార్చి 25వ తేదీన రాజు సమ్మతి పొందెను. ఆ సంవత్సరము డిసెంబరు 21వ తేదీన న్యూటన్ మరణించెను.

ఆతడు క్షమింపబడెనా? ఈశ్వరుని న్యాయస్థానమున మేము కూర్చుండలేము. క్షమింపబడెననియే మేము నమ్ముచున్నాము. ఏలయన, చూపు లేనివానికి చూపు నిచ్చుటకంటె వేరైన కృప యేది? కాని క్షమ వచ్చినంతమాత్రాన పాపఫలము ఆగిపోదు. 1807లో వర్తకము మాత్రము నిషేధింపబడెను, బానిసత్వము పోలేదు. 1833 శాసనముచేత అది తొలగునప్పుడు రెండుకోట్ల పౌనుల పరిహారము ఇయ్యబడెను. ఎవరికి? బానిసల యజమానులకు! బానిసలకు కాసైనను దొరకలేదు. ఆ పరిహారమునకై చేసిన అప్పు 2015 వరకు ఇంగ్లీషు ప్రజల పన్నులనుండి తీరుచు వచ్చినది. బానిసలు విడిపోయిన చెరకు తోటలకు కూలీలు కావలసి యజమానులు మన దేశముమీద కన్ను వేసిరి. కోరంగి రేవునుండియు, మద్రాసునుండియు మన తెలుగువారు ఒప్పంద పత్రములపై వ్రేలిముద్రలు వేసి, మారిషసునకును, 1860 తరువాత నెటాలునకును ఓడలెక్కిరి. ఆ ఒప్పందపు కూలి పద్ధతి అంతరించుటకు ఇరువదవ శతాబ్దమున రెండవ దశాబ్దము రావలసి వచ్చెను. ఒకడు చేసిన పాపము వాని పశ్చాత్తాపముతో ముగియదు. అది వానికి తెలియని తీరములకు పోయి, వాడు చూడని బిడ్డలను పట్టును.

ఇంతకును ఈ దూరదేశపు కథ మన గృహములలో చెప్పుకొనవలసిన కారణమేమి? దోషములు చేసినవారు మన యిండ్లలోను లేకపోలేదు, పశ్చాత్తాపపడినవారును లేకపోలేదు. కాని ఆ పశ్చాత్తాపము ఏ దిక్కునకు పోవుచున్నదో చూడుడు. తమ్ముని పాలు అపహరించిన అన్న గోదావరి పుష్కరములో మునిగి వచ్చును. తమ్ముని గడప త్రొక్కడు. వితంతువైన ఆడుబిడ్డ నగలు తాకట్టు పెట్టి విడిపింపనివాడు గుడికి గంట చేయించును. కోడలిని ఏడిపించిన అత్తగారు కాశీకి పోయి తనకిష్టమైన కూరగాయను విడిచి వచ్చును, కోపమును విడువదు. పనివానికి రావలసిన కూలి ఎగవేసిన గృహస్థు పండుగనాడు పేదలకు అన్నదానము చేయును. ఇవన్నియు దేవునికి చెల్లించునవే. అప్పు మాత్రము మనుష్యునిది. ఒకనికి బాకీపడి మరియొకనికి చెల్లించినచో ఏ న్యాయస్థానమును ఒప్పుకొనదు. ఈశ్వరుడు ఒప్పుకొనునని మనమేల అనుకొనవలెను?

దైవకృప అబద్ధమని మా భావము కాదు. అది లేనిచో న్యూటన్ త్రాగి, తిట్టి, ఏ సముద్రముననో మునిగి యుండును. కృప ఆతనిని బ్రతికించినది, మార్చినది, తుదకు మాటలాడించినది. కాని కృప దొరికినదని తలచి మనుష్యుడు కూర్చుండిపోయినన్నాళ్లు దాని పని సగమే జరిగినది. అది ఋణమును కొట్టివేయు చీటి కాదు. ఋణము తీర్చుటకు ఇయ్యబడిన ఆయువు. ఆ ఆయువులో నలువది యేండ్లు ఊరకే పోనిచ్చిన మహానుభావుని చరిత్ర చదివిన తరువాత, మన చేతిలో మిగిలిన దినములను లెక్క పెట్టుకొనుట మంచిది.

ప్లాంటెయిన్ దీవులలో సంకెళ్లతో అన్నము తెచ్చిపెట్టిన ఆ పేరులేనివారిని న్యూటన్ మరల కలిసికొన్నట్లు చరిత్రలో లేదు. వారిని క్షమింపుమని వేడుకొను భాగ్యము ఆతనికి కలుగలేదు. మనకట్లు కాదు. మనము నొప్పించినవారు అనేకులు ఇంకను జీవించియే యున్నారు. కొందరు పొరుగువీధిలోనే యున్నారు. కొందరు మన యింటిలోనే, పక్కగదిలోనే యున్నారు. దేవుని మందిరమునకు పోవు త్రోవ ముందుగా ఆ గడపమీదుగా పోవుచున్నదని మా విన్నపము.